ఆగీల ఊళ్ళో కొత్తగా దిగినవాడికి: ఎద్దుని ఎలా ఆటపట్టించాలి, కుక్కకి ఎలా నమస్కారం పెట్టాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో ఎమ్మెస్ కోసం ఈ ఆగస్టులోనే కాలేజ్ స్టేషన్‌లో దిగావు. ఆ యూనివర్సిటీవాళ్ళనీ వాళ్ళ జట్టునీ ఆగీలంటారు. ల్యాబ్‌లో ఎక్కడ నలుగురు చేరినా రాబోయే అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ గురించే మాటలు. ఒకడు కుక్కని ‘మేడమ్’ అంటాడు, ఇంకొకడు ఆస్టిన్ వాళ్ళ ఎద్దు కొమ్ములు కోసేస్తామంటాడు, ఆస్టిన్‌లో చదివొచ్చిన పోస్ట్‌డాక్ దానికి ఏదో అంటే అందరూ పడీపడీ నవ్వుతారు. నువ్వు మాత్రం ఫోన్ చూసుకుంటూ కూర్చుంటున్నావు. “ఈ మాటల్లో నేనెట్ల కలవాలన్నా? ఏమనొచ్చు, ఏమనొద్దు?” అని అడిగావు.

నేను 2003 ఆగస్టులో అదే ఊళ్ళో దిగాను. ఇప్పుడు హ్యూస్టన్ పక్కన ఉంటున్నాం. మా అమ్మాయి రెండేళ్ళ కింద ఆస్టిన్‌లో చేరింది. అంటే మా ఇంట్లో ఆగీల మెరూన్ చొక్కా, ఆస్టిన్ జట్టు లాంగ్‌హార్న్స్ ఆరెంజ్ చొక్కా ఒకే దండెం మీద ఆరుతుంటాయి. రెండు వైపుల మాటలూ రోజూ వింటున్నవాణ్ణి కాబట్టి నీకు కొంచెం వివరంగానే చెబుతాను.

ఆట నియమాలు నేర్చుకోవడానికి ఒక శనివారం చాలు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, చివరి గీత దాటితే ఆరు పాయింట్లు. మిగతాది చూస్తూ ఉంటే వస్తుంది. నువ్వు ముందుగా తెలుసుకోవాల్సింది వరస. మన ఇళ్ళల్లో ఎవరిని ఎవరు ఆటపట్టించొచ్చో చిన్నప్పట్నుంచే తెలుసు కదా. బావామరదుల మధ్య ఎంత మాటైనా చెల్లుతుంది. అదే మాట వరస కానివాడంటే కర్రలు లేస్తాయి. పెళ్ళిలో వియ్యాలవారి మీద పాటలు కట్టి పాడతారు, వింటే అన్నీ తిట్లే. పాడకుండా ఊరుకుంటే మాత్రం మమ్మల్ని మనుషుల కింద లెక్కపెట్టలేదని మగపెళ్ళివారు అలుగుతారు. ఏ అండ్ ఎమ్‌కీ ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కీ మధ్య ఉన్నది ఆ వియ్యమే. దీనికి నేను చూపించే సాక్ష్యం వాళ్ళ పాటలు. ఆగీలు ఆటలో పాడుకునే యుద్ధగీతంలో ఆస్టిన్ వాళ్ళ కొమ్ములు కోస్తామని ఉంటుంది. ఆస్టిన్ వాళ్ళ పాటలో ఏ అండ్ ఎమ్‌కి వీడ్కోలు పలకడం ఉంటుంది. తమ సొంత పాటలోనే అవతలివాళ్ళ పేరు పెట్టుకున్న రెండు బడులు ఒకదానికొకటి పరాయివి ఎలా అవుతాయి?

మొదటి పాఠం నాకు చేరిన ఏడాదే దొరికింది. 2003 నవంబరులో ఓక్లహోమా వాళ్ళు ఆగీలని 77–0తో చితక్కొట్టారు. సోమవారం ల్యాబ్‌కి వెళ్తే ఎవరూ తలెత్తడం లేదు. అక్కడ ఆస్టిన్‌లో బీఎస్ చేసి వచ్చిన కుర్రాడు ఒకడుండేవాడు. అందరూ అతను ఏమంటాడా అని బిగబట్టుకుని ఉన్నారు. నెల ముందు అదే ఓక్లహోమా చేతిలో టెక్సాస్, అంటే ఆస్టిన్ జట్టు, కూడా 65–13తో ఓడింది. అతను కుర్చీ ఇటు తిప్పి, “మా బడి 1883లో పుట్టింది, మీది 1876లో. పెద్దవాళ్ళు కదా, మీకు రెండు ముద్దలు ఎక్కువ వడ్డించారు” అన్నాడు. ల్యాబ్ మొత్తం ఒక్కసారిగా నవ్వింది. ఆ నెలాఖర్లో థాంక్స్‌గివింగ్ మర్నాడు టెక్సాస్ మా ఊరొచ్చి 46–15తో గెలిచింది. సోమవారం పొద్దున ప్రతి మానిటర్ మీదా ఆరెంజ్ కాగితం ముక్క అతికించి ఉంది, దాని మీద స్కోరు. 77–0 అప్పుడు ఓదార్పు, 46–15 అప్పుడు కాగితం ముక్క. ఎప్పుడు ఏది చెయ్యాలో తెలిసినవాడు కాబట్టే ఆ కుర్రాడంటే ఆగీలందరికీ ప్రాణం.

ఇక జంతువుల సంగతి. నిన్ను ఎక్కువగా తికమక పెడుతున్నది అదే కాబట్టి తీరిగ్గా చెబుతాను.

ఆస్టిన్ వాళ్ళ చిహ్నం బీవో. లాంగ్‌హార్న్ జాతి పశువు, కొమ్ములు రెండు వైపులా బాగా చాచుకుని ఉంటాయి. ఇంగ్లీషులో ‘స్టీర్’ అంటారు. మన భాషలో దానికి సరైన మాటే ఉంది: ఆంబోతు కాదు, ఎద్దు. విత్తు కొట్టినది. ఆగీల హాస్యంలో సగం ఈ ఒక్క తేడా మీదే నడుస్తుంది. పల్లెటూరి నుంచి వచ్చినవాడివి కాబట్టి నీకు ఎవరూ వివరించక్కర్లేదు. (లాంగ్‌హార్న్‌లు స్పెయిన్ వాళ్ళు తెచ్చిన పశువుల సంతతి. టెక్సాస్ పొలాల్లో మూపురం ఉన్న బ్రాహ్మన్ జాతి పశువులు కనబడితే మాత్రం ఆగి చూడు. ఆ జాతిని కట్టడానికి మన దేశం నుంచి తీసుకెళ్ళిన పశువుల్లో ఇక్కడివాళ్ళు నెల్లూరు జాతి అని పిలిచే మన ఒంగోలు గిత్తలు కూడా ఉన్నాయి.)

మొదటి బీవో 1916 థాంక్స్‌గివింగ్ రోజు ఏ అండ్ ఎమ్‌తో ఆట మధ్యలో మైదానంలోకి వచ్చింది. అంతకు ముందు ఏడాది ఆట ఆగీలు 13–0తో గెలిచారు. 1917 మొదట్లో కొందరు ఆగీలు రాత్రిపూట వెళ్ళి, ఆ ఎద్దు ఒంటి మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో 13–0 అని వాత పెట్టి వచ్చారు. ఆ అంకెల్ని కప్పిపుచ్చడానికే ఆస్టిన్ వాళ్ళు గీతలు కలిపి ‘బీవో’ అని మార్చారు, ఆ పేరు అలా వచ్చింది అని ఆగీలు వందేళ్ళుగా చెప్పుకుంటున్నారు. అది కథ మాత్రమే. వాత పడకముందే, 1916 డిసెంబరులో ఆస్టిన్ పూర్వ విద్యార్థుల పత్రికలో ఆ పేరు అచ్చయింది. ల్యాబ్‌లో ఎవరైనా ఈ కథ మొదలుపెడితే వెంటనే సరిదిద్దకు. పూర్తిగా చెప్పనివ్వు. ఆ తర్వాత పోస్ట్‌డాక్ వైపు చూసి, “మరి పత్రికలో ముందే పడిందంట కదా?” అని అడుగు. అతను ఆ రోజంతా నీ పక్కనే కూర్చుంటాడు.

అసలు ఆ ఎద్దు కథ ముగిసిన తీరు ఇంకా గొప్పది. దాన్ని మేపడం భారమై 1920 జనవరిలో కోసి విందు చేశారు. ఆ విందుకి ఏ అండ్ ఎమ్ వాళ్ళని పిలిచారు. వాళ్ళు వాత పెట్టిన వైపు మాంసమే వాళ్ళకి వడ్డించి, 13–0 అని కనబడుతున్న తోలు ముక్కని కానుకగా ఇచ్చి పంపారు. నా మటుకు నాకు ఈ నూటపాతికేళ్ళ ఎకసెక్కాల్లో ఇంతకు మించినది లేదు. పగ తీర్చుకున్నారు, అదీ ఇంటికి పిలిచి, పంక్తిలో కూర్చోబెట్టి, అన్నం పెట్టి.

ఇప్పుడున్నది పదిహేనో బీవో. 2019 జనవరి 1న న్యూ ఆర్లీన్స్‌లో షుగర్ బౌల్ ఆట ముందు జరిగింది నువ్వు వీడియోలో చూసే ఉంటావు. జార్జియా వాళ్ళ బుల్‌డాగ్ పేరు అగా. దాన్ని బీవోకి ‘పరిచయం’ చేద్దామని ఫోటోల కోసం దగ్గరికి తెచ్చారు. బీవో ఒక్కసారిగా కంచె తోసుకుని ముందుకొచ్చింది. ఫోటోగ్రాఫర్లు చెల్లాచెదురయ్యారు, కుక్కని పక్కకి లాగేశారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ ఆట టెక్సాస్ 28–21తో గెలిచింది. నా ఉద్దేశం సూటిగా చెప్పాలంటే, ఫోటో కోసం పశువుని అంత గందరగోళంలోకి తేవడం తప్పు. జంతువు మనకి చిహ్నం కావచ్చు, దానికి మాత్రం అది లక్ష మంది అరుపులు, అంతే. లూసియానాలో ఎల్ఎస్‌యూ అనే యూనివర్సిటీ వాళ్ళు తమ చిహ్నమైన పులి మైక్‌ని ఆటలకి తీసుకురావడం మానేశారు. అది స్టేడియం ఎదుట తన ఆవరణలోనే హాయిగా ఉంటుంది. మంచి పని.

మన వైపు చిహ్నం రెవలీ అనే కుక్క. ఇక్కడ నీకు ఒక సౌకర్యం ఉంది, తెలుగులో ‘ఆవిడ’, ‘గారు’ ఉన్నాయి. ఆవిడని అలాగే అనుకో, ఇంగ్లీషులో పొరపాటు రాదు. 1931లో కొందరు క్యాడెట్లు నవసోటా నుంచి రాత్రి కారులో వస్తుంటే దారిలో ఒక నల్లా తెల్లా ఊరకుక్కకి తగిలింది. దాన్ని హాస్టల్‌కి తెచ్చి దాచారు. పొద్దున్నే మేలుకొలుపు బాకా ఊదగానే అది మొరిగింది. ఆ బాకా పేరే ఇంగ్లీషులో రెవలీ, అదే పేరు పెట్టేశారు. అంటే ఇంత వైభవమూ వీధికుక్కతో మొదలైంది. తర్వాత తర్వాత కోలీ జాతి వచ్చింది. ఇప్పుడున్నావిడ పదో రెవలీ, 2021 నుంచి. సైనిక శిక్షణ పొందే విద్యార్థుల దళం కోర్ ఆఫ్ క్యాడెట్స్ మొత్తంలో అందరికంటే పెద్ద హోదా ఆవిడదే. మొదటేడు క్యాడెట్ ఆవిడతో మాట్లాడాలంటే ‘మిస్ రెవ్, మ్యామ్’ అనాలి. ఆవిడ ఎవరి మంచం మీద పడుకుంటే వాళ్ళు నేల మీద పడుకోవాలి. క్లాసులో మొరిగితే పాఠం నచ్చలేదని అర్థం, క్లాసు వదిలెయ్యాలి అన్నది ఆచారం.

చనిపోయిన రెవలీల సమాధులు కైల్ ఫీల్డ్ స్టేడియం ఉత్తరపు గుమ్మం బయట ఉన్నాయి. స్కోరు ఎప్పుడూ వాళ్ళకి కనబడాలని తలలు మైదానం వైపు ఉండేలా పూడ్చారు. స్టేడియం పెంచినప్పుడు గోడ అడ్డొచ్చింది. అప్పుడు ఆ సమాధుల కోసమే బయట విడిగా చిన్న స్కోర్‌బోర్డు పెట్టారు. నువ్వు ఈ వారంలోనే ఒక సాయంత్రం వెళ్ళి చూడు. నేను మొదటిసారి చూసినప్పుడు, మా ఊళ్ళో చనిపోయిన కోడెకి రైతులు గోతి తీసి పసుపుకుంకాలు చల్లడం గుర్తొచ్చి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఈ మనుషులు నాకు ఆ రోజే అర్థమయ్యారు.

ఆస్టిన్ వాళ్ళు రెవలీని కూడా వదల్లేదు. 1993 చివర్లో కాటన్ బౌల్ ముందు ఆస్టిన్ విద్యార్థులు కొందరు ఆరో రెవలీని డాలస్‌లో ఎత్తుకెళ్ళారు. క్షేమంగానే తిరిగి వచ్చింది. ఈ విషయం పాతతరం ఆగీల దగ్గర ఎత్తితే ఇప్పటికీ మొహం మాడ్చుకుంటారు, కొత్తలో నువ్వు ఎత్తకపోవడమే మేలు.

నీ ల్యాబ్‌లో అందరూ బొటనవేలు పైకెత్తి ‘గిగ్ ఎమ్’ అంటున్నారు కదా, అది కూడా ఒక చిహ్నం మీద పుట్టిన హాస్యమే. 1930లో టీసీయూ (టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ)తో ఆట ముందు జరిగిన సభలో ఒక పూర్వ విద్యార్థి, “ఆ కొమ్ముల కప్పల్ని ఏం చేద్దాం?” అని అడిగి, తనే “గిగ్ ఎమ్” అన్నాడు. గిగ్ అంటే కప్పల్ని గుచ్చి పట్టే ఈటె. టీసీయూ వాళ్ళ చిహ్నం పేరులో కప్ప ఉంది కానీ అది నిజానికి ఒంటి నిండా ముళ్ళున్న బల్లి జాతి. బెదిరితే కళ్ళలోంచి రక్తం చిమ్ముతుంది. ఆస్టిన్ వాళ్ళ ‘హుక్ ఎమ్’ చేతి గుర్తు, చూపుడు వేలూ చిటికెన వేలూ కొమ్ముల్లా, 1955లో వచ్చింది. దాన్ని తలకిందులుగా పట్టుకోవడమే ‘హార్న్స్ డౌన్’. అది వాళ్ళని ఎంత మండిస్తుందంటే, టెక్సాస్ బిగ్ 12 అనే జట్ల కూటమిలో ఉన్న రోజుల్లో అవతలి జట్టు ఆటగాడు అది చేసినందుకు రిఫరీలు జరిమానా వేశారు. ప్రేక్షకుడిగా నువ్వు చెయ్యొచ్చు. ఫోటోలో చెయ్యి. కానీ వాళ్ళ ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడు చెయ్యకు.

మాటల్లో ఇంకొన్ని దొర్లుతాయి. ఆగీలు ఆస్టిన్ బడిని దాని పేరుతో పిలవరు, ‘టీ.యూ.’ అంటారు, అదీ చిన్న అక్షరాల్లో రాస్తారు. అక్కడివాళ్ళని ‘టీ సిప్స్’ అంటారు, పని చెయ్యకుండా టీ తాగుతూ కూర్చునే దొరబిడ్డలు అని. వాళ్ళేమో మనల్ని ఏమీ తెలియని పొలంగట్టు మనుషులంటారు. ఏ అండ్ ఎమ్‌లో ‘ఏ’ అంటే వ్యవసాయమే మరి. వ్యవసాయం చేసేవాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు ఆ మాట ఎప్పుడూ తిట్టులా అనిపించలేదు, నీకూ అనిపించక్కర్లేదు. ఒక జాగ్రత్త చెబుతాను. ఎవరైనా ‘టైగర్స్’ అంటే ఏ టైగర్సో అడిగి తెలుసుకో. మన జట్టు ఆడే కూటమి ఎస్ఈసీలోనే ఎల్ఎస్‌యూ, ఆబర్న్, మిజోరీ మూడూ టైగర్సే. అందులో ఆబర్న్ వాళ్ళు పులి పేరు పెట్టుకుని ‘వార్ ఈగిల్’ అని గద్ద పేరుతో అరుస్తారు. జార్జియా, మిసిసిపీ స్టేట్ రెండూ బుల్‌డాగ్స్.

ఇప్పుడు ఈ సీజన్ మాటలు. ఆగస్టులో అందరి లెక్కా 0–0. అందుకే ఈ నెలలో ఎవరి నోరూ ఆగదు. వేరే జట్లకి కోచ్‌గా చేసిన స్టీవ్ స్పరియర్ ఈ కాలాన్ని ‘మాటల సీజన్’ అనేవాడు. రెండు వైపులా అమ్ములపొదిలో ఏమున్నాయో నీకు తెలియాలి.

మన చేతిలో ఉన్నవి చెబుతాను. 2016లో టెక్సాస్ నోటర్ డేమ్‌ని 50–47తో గెలిచినప్పుడు టీవీ వ్యాఖ్యాత ‘టెక్సాస్ ఈజ్ బ్యాక్’ అని గట్టిగా ప్రకటించాడు. ఆ ఏడాది వాళ్ళు 5–7తో ముగించారు, పైగా కాన్సస్ చేతిలో ఓడారు. 2021లో అదే కాన్సస్ ఆస్టిన్‌కే వచ్చి 57–56తో గెలిచి వెళ్ళింది. ‘వచ్చేశారా మరి?’ అన్న ఒక్క ముక్క చాలు, ఆస్టిన్ వాళ్ళకి ఇవన్నీ గుర్తొస్తాయి. 2025లో విలేకరులు ఓట్లతో జట్లకి ర్యాంకులిచ్చే ఏపీ పోల్‌లో వాళ్ళని మొదటి ర్యాంకుతో సీజన్ మొదలుపెట్టించారు. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్ మీద అంత నమ్మకం, చిన్నాన్నలు పేటన్, ఈలై ఇద్దరూ సూపర్ బౌల్ గెలిచినవాళ్ళు కదా. మొదటి ఆటలోనే ఒహాయో స్టేట్ చేతిలో 14–7తో ఓడారు, తర్వాత ఫ్లోరిడా, జార్జియా. చివరికి జాతీయ టైటిల్ కోసం ఆడే 12 జట్ల ప్లేఆఫ్‌లో చోటే దక్కలేదు. మనకి దక్కింది.

వాళ్ళ చేతిలో ఉన్నవి ఇంకా బరువైనవి, అది ఒప్పుకోవాలి. మనం చివరిసారి జాతీయ టైటిల్ గెలిచింది 1939లో. 2012లో ఎస్ఈసీలో చేరాక ఆ ఎస్ఈసీ టైటిల్ కూడా ఒక్కసారీ రాలేదు. 2017లో జింబో ఫిషర్‌ని కోచ్‌గా తెచ్చాక, ఏడాది దగ్గర ‘20’ వేసి తర్వాతి రెండు అంకెలకి ఖాళీ వదిలిన జాతీయ ఛాంపియన్ల ఫలకం ఒకటి ముందే చేయించి ఆయన చేతికిచ్చారు. ఆ ఖాళీ ఖాళీగానే ఉంది. 2023లో ఆయన్ని పంపేటప్పుడు ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సి వచ్చింది ఏడున్నర కోట్ల డాలర్ల పైమాటే. 2022లో దేశంలోకెల్లా మేలైన కొత్త కుర్రాళ్ళని తెచ్చుకుని, సొంతగడ్డ మీద యాపలాచియన్ స్టేట్ అనే చిన్న జట్టు చేతిలో 17–14తో ఓడాం. ఇక ముఖాముఖి లెక్క: 1894 నుంచి 120 ఆటలు, వాళ్ళు 78, మనం 37, అయిదు సమానం. నిరుడు మనం ఒక్క ఓటమీ లేకుండా 11–0తో ఆస్టిన్ వెళ్ళాం. 27–17తో ఓడి వచ్చాం. ప్లేఆఫ్‌లో మయామీ మన ఊరొచ్చి 10–3తో మనల్ని ఇంటికి పంపింది.

కాబట్టి ఈ ఏడాది వాదన ఏమిటో చూడు. ‘మేం ప్లేఆఫ్‌కి వెళ్ళాం, మీరు టీవీలో చూశారు’ అంటాం. ‘మీ 11–0ని చెడగొట్టింది మేమే’ అంటారు. రెండూ నిజమే, అందుకే ఎవరూ తగ్గరు. కోచ్‌గా మైక్ ఎల్కో వచ్చాక జట్టులో క్రమశిక్షణ వచ్చిందన్నది నా నమ్మకం. 2024లోనూ 2025లోనూ టెక్సాస్ చేతిలో ఓడినా, ఇదివరకటిలా చిన్నాచితకా జట్లతో ఓడే జబ్బు తగ్గింది. ఈసారి ఆట మన ఊళ్ళో. అందుకే గెలుస్తామని అంటున్నాను, మనస్ఫూర్తిగా అంటున్నాను. నువ్వు ల్యాబ్‌లో ఇంత లెక్క అప్పజెప్పక్కర్లేదు. ఒకటి బాగా తెలుసుకుని, సరైన సమయంలో వెయ్యి.

2011 నవంబరు నుంచి 2024 నవంబరు దాకా ఈ రెండు జట్లూ ఆడలేదు. కాన్ఫరెన్సులు మారాయి, డబ్బు లెక్కలు, పౌరుషాలు. ఆ చివరి ఆట 27–25, ఆఖరి క్షణంలో ఫీల్డ్ గోల్ కొట్టి టెక్సాస్ గెలిచింది. ఆ రోజు నేను కైల్ ఫీల్డ్‌లోనే ఉన్నాను. తర్వాతి పన్నెండు సీజన్లూ ఆగీలు తమ పాటలో ఆ కొమ్ములు కోస్తూనే ఉన్నారు. చేతులు కలిపి, వరసలు వరసలుగా అటూ ఇటూ ఊగుతూ రంపం కోసినట్టు పాడతారు, చూస్తావుగా. ఎదురుగా ఉన్నది అలబామా అయినా సరే. ఆస్టిన్ వాళ్ళు దానికి నవ్వేవాళ్ళు, “మేం లేకపోయినా మా ధ్యాసే” అని. నవ్వేవాళ్ళు కానీ ఆ ఏళ్ళల్లో మాటల్లో పుల్లదనం పెరిగింది, నేను గమనించాను. ఆట లేకుండా మిగిలిన హాస్యం దెప్పిపొడుపు అయిపోయింది. రాకపోకలు ఆగిపోయిన వియ్యంకుల ఇళ్ళల్లో అయ్యేది అదే. 2024లో ఆట తిరిగి వచ్చి 17–7తో ఓడినా ఆ రాత్రి పార్కింగ్‌లో మెరూన్, ఆరెంజ్ కలిసి తింటుంటే నాకు కడుపు నిండింది.

ఏమనొద్దు అని అడిగావు. ఒకటి ముఖ్యం, బాన్‌ఫైర్. 1909 నుంచి టెక్సాస్ ఆట ముందు ఆగీలు దుంగలు పేర్చి పెద్ద మంట వేసేవాళ్ళు. 1999 నవంబరు 18న తెల్లవారుజామున 2:42కి ఆ దుంగల పేర్పు కూలింది. 12 మంది పోయారు, 27 మందికి గాయాలయ్యాయి. వారం తర్వాత ఆట జరిగింది. సగం ఆట విరామంలో టెక్సాస్ బ్యాండ్ వాళ్ళు మైదానంలోకి వచ్చి శోకగీతం వాయించి, తలల మీది టోపీలు తీసి, మౌనంగా నడిచి వెళ్ళారు. ఆ ఆట ఆగీలు 20–16తో గెలిచారు. నేను చూడలేదు, నాకు చెప్పినవాళ్ళు చెబుతూ చెబుతూ ఆగిపోయేవాళ్ళు. 2004లో అక్కడ స్మారకం తెరిచినప్పుడు వెళ్ళాను. పన్నెండు ద్వారాలు, ఒక్కోటీ పోయిన ఆ పిల్ల లేదా పిల్లాడి సొంతూరి దిక్కుకి తిరిగి ఉంటుంది. దీని మీద హాస్యం లేదు. మంట, దుంగలు అన్న మాటలు కూడా నవ్వులాటలో వాడకు. ఎక్కడో ఎవరో వాడితే నవ్వకు.

అలాగే ఆటగాళ్ళ గాయాల మీద, వాళ్ళ ఇంటివాళ్ళ మీద మాటలొద్దు, అవతల ఉన్నది పద్ధెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలు. వరస మరిచిపోతే ఎక్కడిదాకా వెళ్తుందో ఆబర్న్‌లో చూశారు. 2010లో ఆబర్న్ అలబామా మీద 24–0 వెనకబడి 28–27తో గెలిచిన తర్వాత, అలబామా అభిమాని ఒకడు టూమర్స్ కార్నర్‌లోని ముసలి ఓక్ చెట్లకి విషం పోశాడు. గెలిచిన ప్రతిసారీ ఆబర్న్ వాళ్ళు టాయిలెట్ పేపర్ విసిరి పండగ చేసుకునే చెట్లవి. ఎన్ని చేసినా బతకలేదు, 2013లో కొట్టేశారు. అలబామా వాళ్ళు కూడా అతన్ని సమర్థించలేదు, చెట్ల కోసం చందాలు పోగుచేశారు.

స్టేడియంలో ఉన్నప్పుడు ఇంకొన్ని. ఆగీలు ‘బూ’ అనరు, బుస కొడతారు. విద్యార్థులు ఆట సాంతం నిలబడే ఉంటారు. 1922 జనవరిలో గాయాలతో జట్టు చిక్కిపోతుంటే ఈ. కింగ్ గిల్ అనే విద్యార్థి గ్యాలరీలోంచి దిగి, జట్టు దుస్తులు వేసుకుని, అవసరమైతే దిగడానికి చివరిదాకా పక్కన నిలబడ్డాడు. పన్నెండో ఆటగాడు అంటే అదీ. అందుకే 1,02,733 సీట్ల స్టేడియంలో విద్యార్థులు కూర్చోవడానికి సీటు వాడరు. నా మొదటి ఆటలో తెలియక కూర్చున్నాను. ముందు వరసలో ఉన్న క్యాడెట్ వెనక్కి తిరిగి ఈ కథంతా చెప్పి, నీళ్ళ సీసా నా చేతికిచ్చాడు. మంచి బూట్లు వేసుకో, సెప్టెంబరు ఎండకి టోపీ పెట్టుకో. సొంతూళ్ళో ఆటకి ముందు రోజు అర్ధరాత్రి స్టేడియంలో అందరూ కేకలు సాధన చేసే మిడ్‌నైట్ యెల్‌కి తప్పకుండా వెళ్ళు, దానికి టికెట్ లేదు. యెల్ లీడర్లు అవతలి జట్టు మీద కథలు కట్టి చెబుతారు, మన హరికథలో పిట్టకథల్లాగే సాగుతాయి. ఆ ఒక్క రాత్రితో నీకు సగం మాటలు వచ్చేస్తాయి. ఆటల పాస్ ఇప్పుడే కొనుక్కో. నా రోజుల్లో టికెట్లు తీసుకునేటప్పుడు గ్రాడ్యుయేట్ విద్యార్థులకి సీనియర్లతో పాటే మొదటి రోజు అవకాశం ఉండేది. నవంబరు ఆటకి అయితే రాత్రంతా వరసలో పడుకోవాల్సి రావచ్చు, ల్యాబ్‌వాళ్ళతో కలిసి వెళ్ళు.

రేపు ల్యాబ్‌కి వెళ్ళగానే ‘హౌడీ’ అను, అక్కడ అదే నమస్కారం. ఆ పోస్ట్‌డాక్ ఎదురైతే, “బీవోకి ఈ ఏడాది ప్లేఆఫ్ ఆటలు చూడ్డానికి టీవీ కొన్నారా?” అని అడుగు. అతను ఖాళీ ఫలకం గురించి మొదలుపెడతాడు. పెట్టనివ్వు, నవ్వు, ‘ఆ అంకెలు ఈ జనవరిలో చెక్కిస్తాం’ అను. నీకు కుర్చీ ఆ రోజే దొరుకుతుంది.

థాంక్స్‌గివింగ్ వారంలో మేం ముగ్గురం మీ ఊరొస్తున్నాం. పార్కింగ్‌లో టెంట్ వేస్తాం, మా ఆవిడ పులిహోర, గారెలు చేసి తెస్తుంది, నువ్వూ నీ రూమ్మేట్లూ రండి. మా అమ్మాయి ఆరెంజ్ చొక్కాలోనే ఉంటుంది. నీకు చెల్లెలి వరస. కాన్సస్ స్కోరు రెండూ గుర్తుపెట్టుకుని రా, ఎందుకంటే తను యాపలాచియన్ స్టేట్‌ది గుర్తుపెట్టుకునే వస్తుంది.